పాటల మూట: గంగ తరఫున ఎవరు పాడతారు?



పోయిన నెల మూటలో కలుపు పాటలు ఉన్నాయి. ఈ నెల విప్పితే సముద్రం అవతలి పాటలు బయటికొచ్చినాయి. అమెరికా పల్లెపాటలు. వాటిని అక్కడ కంట్రీ పాటలు అంటారు. అందులోనూ ఒక రకం మాత్రమే ఈసారి చెప్పుకుందాం. సిపాయిగా పరాయి దేశం పోయి, అక్కడొక పిల్లను ప్రేమించి, ఆమెను తలుచుకుంటా పాడే పాటలు.

"దొరల పాటలు మనకెందుకమ్మా" అని పేజీ తిప్పొద్దు. ఆ పాటలు పుట్టింది దొరల బంగళాల్లో కాదు. మన లైన్ల వంటి మిల్లు లైన్లలోనే చాలా పాటలు పుట్టినాయి.

అమెరికా దక్షిణాన జార్జియా, ఉత్తర కరోలినా, దక్షిణ కరోలినా అని రాష్ట్రాలు ఉండాయి. పత్తి పండే సీమ అది. అక్కడ వంద నూటాభై ఏళ్ళ కిందట వరసగా నూలు మిల్లులు లేచినాయి. సేద్యం సాగక, అప్పులు తీరక కొండల మీది నుంచి, పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా దిగి మిల్లుల్లో చేరినాయి. ఇల్లు కంపెనీది, అంగడి కంపెనీది. కూత కూస్తే లేవాలి, కూత కూస్తే తినాలి. ఇది చదువుతుంటే మీకు ఏ ఊరు గుర్తుకొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ లైన్లలో సాయంత్రమైతే ఫిడేలు, బాంజో తీసి పాడుకునేవాళ్ళు. ఫిడ్లిన్ జాన్ కార్సన్ అని ఒకాయన అట్లాంటా ఊరి బట్టల మిల్లులో పనిచేసినవాడు. 1923 జూన్‌లో ఒక రికార్డు కంపెనీ వచ్చి ఆయన పాట ఎక్కించుకుని పోయింది. పల్లెపాటకు డబ్బులిచ్చి కొనేవాళ్ళు ఉండారని కంపెనీలకు అప్పుడు గట్టిగా తెలిసింది. హెన్రీ విట్టర్ వర్జీనియాలో ఫ్రైస్ అనే ఊరి మిల్లులో చేసినవాడు. చార్లీ పూల్ ఉత్తర కరోలినా మిల్లు పనివాడు. 1925లో ఆయన రికార్డు లక్షకు పైగా అమ్ముడుపోయింది. డోర్సీ డిక్సన్ చిన్నతనంలోనే మిల్లులో చేరి, నేత ఖాతా కష్టాల మీదే పాట కట్టినాడు. దాని పేరు 'వీవ్ రూమ్ బ్లూస్'. మన వీవింగ్ సెక్షన్ ఏడుపు అన్నమాట.

ఆడవాళ్ళలో ఎల్లా మే విగ్గిన్స్‌ను మరవకూడదు. గాస్టోనియా దగ్గర మిల్లులో నూలు వడికే మనిషి. నలుగురు పిల్లలు కోరింత దగ్గుతో పోయినారు. రాత్రి షిఫ్టు మార్చండి, బిడ్డల్ని చూసుకోవాలని అడిగితే ఒప్పుకోలేదట. 1929లో అక్కడ పెద్ద సమ్మె లేచింది. ఆమె పాటలు కట్టి సంఘం మీటింగుల్లో పాడింది. ఆ ఏడు సెప్టెంబరు 14న మీటింగుకు పోతుండగా తుపాకీతో కాల్చి చంపినారు. అప్పటికి ఆమెకు 28 ఏళ్ళు. మన పెరంబూరులో మదరాసు లేబర్ యూనియన్ పుట్టి (1918 ఏప్రిల్ 27) అప్పటికి పదకొండేళ్ళు. సముద్రానికి ఈ పక్కా ఆ పక్కా కథ ఒకటే నడిచింది.

ఈ సంగతి ముందు ఎందుకు చెప్పినానంటే, ఆ పాటలు వినేటప్పుడు పాడేది ఎవరో మనకు తెలియాలి. సేద్యం పోయి మిల్లుకొచ్చిన ఇంటి కొడుకులు వాళ్ళు. యుద్ధం వచ్చింది. ఆ కొడుకులను సర్కారు పట్టాలం కోసం పిలిచింది. వాళ్ళ దేశంలో 1973 దాకా కుర్రోళ్ళను సైన్యానికి తప్పనిసరిగా పిలిచే చట్టం ఉండేది. పక్క జిల్లా కూడా చూడనోడు జర్మనీకి పోయినాడు, జపాన్‌కు పోయినాడు, కొరియాకు పోయినాడు. యుద్ధం ముగిసినా పట్టాలం వెనక్కి రాలేదు. 1950ల్లో ఒక్క పశ్చిమ జర్మనీలోనే రెండు లక్షలకు పైగా అమెరికా సిపాయిలు కాపురం ఉన్నట్టు ఉండినారు. ఇరవై ఏళ్ళ కుర్రోళ్ళు. ఊరు కొత్త, భాష రాదు, చేతిలో డబ్బుంది. ఎదురుగా యుద్ధంలో ఇల్లు కూలి, నాయన పోయి, తిండికి తడుముకుంటున్న ఆడపిల్లలు. ప్రేమలు పుట్టకుండా ఎట్లుంటాయి?

మొదట సర్కారు ఒప్పుకోలేదు. జర్మన్లతో మాట్లాడటమే తప్పు అని 1945లో హుకుం వేసినారు. అది నిలబడలేదు. జర్మన్ అమ్మాయిని పెళ్ళాడొచ్చని 1946 డిసెంబరులో ఒప్పుకున్నారు, పైఅధికారి అనుమతి ఉంటేనే. విదేశీ భార్యలను సిపాయిలు వెంట తెచ్చుకునే చట్టం 1945 ఆఖర్లోనే వచ్చింది కానీ, జపాన్ అమ్మాయిలకు జాతి పేరు చెప్పి తలుపు మూసే పెట్టినారు. 1952లో చట్టం మారినాక గానీ ఆ తలుపు సరిగ్గా తెరుచుకోలేదు. పెళ్ళాడినవాళ్ళు వేలల్లో ఉండారు. వదిలేసి ఓడ ఎక్కినవాళ్ళు కూడా ఉండారు. పాటలు ఎక్కువగా ఆ వదిలేసి వచ్చినవాళ్ళవే.

అందులో బాగా పేరుపోయింది 'ఫ్రాలైన్'. లాటన్ విలియమ్స్ కట్టినాడు, బాబీ హెల్మ్స్ పాడినాడు, 1957లో వచ్చింది. నాలుగు వారాలు మొదటి స్థానం. 52 వారాలు, అంటే ఏడాది నిండా, అమెరికా కంట్రీ పాటల జాబితాలో నిలిచింది. కథ చిన్నది. రైన్ నది ఒడ్డున ఒక ముసలాయన కూతురు. ఆమెను ప్రేమించి వదిలి వచ్చినవాడు మరిచిపోలేక తలుచుకుంటున్నాడు. సిపాయి అన్న మాట పాటలో ఎక్కడా రాదు. ఆ రోజుల్లో వినేవాళ్ళకు అది విడమరిచి చెప్పే పని లేదు. ఫ్రాలైన్ అంటే పేరు కాదు. జర్మనీలో పెళ్ళికాని అమ్మాయిని పిలిచే మాట. మనం "ఏమ్మా" అని పిలిచినట్టు.

అదే ఏడాది అదే లాటన్ విలియమ్స్ కట్టిన ఇంకో పాట హాంక్ లాక్లిన్ పాడినాడు. దాని పేరు 'గెయిషా గర్ల్'. వీడు జపాన్‌లోనే ఉండిపోయినాడు. నేను ఇక్కడ బాగుండాను, నా వాళ్ళకు ఆ మాట చెప్పండి అంటాడు. గెయిషా అంటే పాట, ఆట, మాట నేర్చుకుని విందుల్లో పాడే కళాకారిణి. ఏళ్ళ తరబడి శిక్షణ ఉంటుంది. సిపాయిలు మాత్రం టీ అంగడిలో కనిపించిన పిల్లను కూడా గెయిషా అనేసినారు. అంతకు ముందరిది 'ఫిలిప్పినో బేబీ'. అమెరికా వాళ్ళు స్పెయిన్ మీద యుద్ధం చేసి ఫిలిప్పీన్స్‌లో దిగిన 1898 నాటిది దాని మొదటి రూపం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినాక 1946లో కౌబాయ్ కోపాస్ పాడితే మళ్ళీ ఊరూరా మోగింది.

రాగాలు బాగుంటాయి. ఫిడేలు, గిటారు వింటుంటే గుండె కరుగుతుంది. కానీ నేను 31 ఏళ్ళు రింగ్ ఫ్రేముల మధ్య నిలబడిన మనిషిని. నూలు ఎంత నున్నగా పారుతున్నా తెగిన పోగు ఎక్కడుందో కళ్ళు వెతుకుతాయి. ఈ పాటల్లో నాకు కనిపించిన తెగిన పోగు ఏమంటే, ఆ పిల్లకు పేరు లేదు. ఫ్రాలైన్, గెయిషా, ఫిలిప్పినో. అన్నీ దేశం పేర్లో, జాతి పేర్లో, పిలుపులో. వాళ్ళమ్మ పెట్టిన పేరు ఒక్క దాంట్లోనూ వినపడదు. ఆమె నోరు తెరిచి ఒక మాట అనదు. నది ఒడ్డున నిలబడి ఉంటుంది, అంతే.

బిడ్డల మాటా ఈ పాటల్లో రాదు. జపాన్‌లో ఓయిసో అనే ఊళ్ళో 1948లో సవాదా మికి అనే ఆమె ఒక అనాథాశ్రమం పెట్టింది. ఎలిజబెత్ సాండర్స్ హోమ్ అని దాని పేరు. అమెరికా సిపాయిలకు, జపాన్ ఆడవాళ్ళకు పుట్టి, ఎవరూ చేరదీయని బిడ్డల కోసం ఆ ఆశ్రమం. తరవాత వియత్నాంలోనూ ఇదే కథ. అక్కడి బిడ్డలను అమెరికాకు రానిచ్చే ప్రత్యేక చట్టం 1987లో గానీ రాలేదు. అప్పటికి యుద్ధం ముగిసి పన్నెండేళ్ళు. పాటలో వెన్నెల ఉంటుంది, నది ఉంటుంది. ఉయ్యాల ఉండదు.

అయితే ఆడవాళ్ళు ఊరుకోలేదు. ఇది నాకు భలే నచ్చిన సంగతి. కంట్రీ పాటల్లో జవాబు పాట అని ఒక అలవాటు ఉంది. మగాయన ఒక పాట పాడితే, అదే వరసలో ఆడమనిషి తిరుగు మాట పాడుతుంది. 'ఫ్రాలైన్' వచ్చిన 1957లోనే కిట్టీ వెల్స్ ఆ జర్మన్ పిల్ల గొంతుతో జవాబు పాడింది. 'గెయిషా గర్ల్'కు స్కీటర్ డేవిస్ జవాబు పాడింది. ఆమెది ఇంటి దగ్గర ఎదురుచూసిన పిల్ల గొంతు. నా మనిషిని ఆ గెయిషా పిల్లకు పోగొట్టుకున్నానని చెప్పుకుంటుంది. ఆ పాటతోనే స్కీటర్ డేవిస్‌కు సొంతంగా పేరు వచ్చింది.

ఇంటి దగ్గరి పిల్ల ఎదురుచూడకుండా పోయిన కథ కూడా ఒకటుంది. 1953లో జీన్ షెపర్డ్, ఫెర్లిన్ హస్కీ కలిసి పాడిన 'డియర్ జాన్ లెటర్'. కొరియాలో ఉన్న సిపాయికి ఊరి నుంచి జాబు వస్తుంది. నీ మీద నాకు ప్రేమ తీరిపోయింది, మీ అన్నదమ్మునే చేసుకుంటున్నానని. కొరియా యుద్ధం ఆగిన ఏడాదే అది వచ్చింది, మొదటి స్థానానికి పోయింది. మగవాడు పరాయి దేశంలో మనసు పారేసుకుంటే పాట తియ్యగా ఉంటుంది, ఊళ్ళో ఆడది మనసు మార్చుకుంటే ద్రోహమవుతుంది. గల్ఫుకు పోయిన వాళ్ళ భార్యలు మన వీధుల్లో ఎన్ని కళ్ళ మధ్య నడవాలో తెలిసినవాళ్ళకు దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

జవాబు పాట అమెరికా వాళ్ళ సొత్తేమీ కాదు. మన పెద్దోళ్ళు పాడే గంగా గౌరీ సంవాదం ఏంది మరి? శివుడి పక్కన గౌరి, నెత్తిన గంగ. ఇద్దరూ ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటా, మాటకు మాట అప్పజెప్తా పాడే పాట. తమిళంలో వల్లికీ దేవయానికీ మధ్య ఇట్లాంటి పాటే ఉంది, దాన్ని ఏసల్ అంటారు. మనం తిరుత్తణి కొండ కింద బతికేవాళ్ళం కాబట్టి ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. ఆడికృత్తికకు కావడి మోసుకుని మెట్లెక్కేటప్పుడు ఒక్కసారి ఆలోచించండి. పైన ఉన్న ఆయన ఎవరు? దేవతల సేనాపతి. సూరపద్ముడి మీద యుద్ధం ముగించుకుని, కోపం తణిగింది ఈ కొండ మీదేనని, అందుకే ఇది తణిగై అయిందని పెద్దలు చెప్తారు. ఇక్కడే వల్లిని పెళ్ళాడినాడని కూడా చెప్తారు. వల్లి ఎవరు? వేటగాళ్ళ ఇంటి పిల్ల. కొర్రచేనుకు కావలి ఉండే పిల్ల. ఆయనకు అప్పటికే ఇంద్రుడి కూతురు దేవయాని ఉంది. యుద్ధం నుంచి వచ్చిన సిపాయి, పరాయి జనంలో ఒక పిల్ల, ఇంటి దగ్గర ఒక భార్య. ఇదీ అదే కథ. కానీ మన కథలో వల్లికి పేరుంది, ఊరుంది, నాయన ఉండాడు, కులం ఉంది, నోరూ ఉంది. ముసలివేషం వేసుకొచ్చిన ఆయనను ఎదిరించి మాట్లాడుతుంది. గుడిలో ఆమెకూ చోటుంది.

మన తెలుగోళ్ళకు సముద్రం అవతలి ఊరంటే రంగం. రంగూన్‌ను మన పెద్దోళ్ళు అట్లనే అనేవాళ్ళు. 1824లో ఇంగ్లీషు కంపెనీ బర్మా మీద మొదటి యుద్ధానికి పోయినప్పుడు మదరాసు రేవు నుంచి ఓడలెక్కింది మదరాసు సైన్యం. అందులో తెలుగు సిపాయిలు, తమిళ సిపాయిలు కలిసి ఉన్నారు. ఆ తరవాత 1852లో, 1885లో ఇంకో రెండు యుద్ధాలు. సిపాయిల వెనకే కూలీలు. కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి వేలకు వేలు జనం రంగం పోయినారు, వరికోతలకు, మిల్లులకు, రేవు పనికి. కొంతమంది అక్కడే సంసారాలు పెట్టుకున్నారు. ఇప్పటికీ బర్మాలో తెలుగు కుటుంబాలు ఉండాయి. 1949లో 'పతంగా' అనే హిందీ సినిమాలో శంషాద్ బేగం, సి. రామచంద్ర పాడిన రంగూన్ టెలిఫోను పాట దేశమంతా నవ్వుకుంటా పాడింది. మొగుడు రంగంలో, పెళ్ళాం డెహ్రాడూన్‌లో. మన తమిళ 'పరాశక్తి' (1952)లోనూ అన్నదమ్ములు రంగంలోనే, చెల్లెలు మదురైలో. నవ్వు పాటైనా, ఏడుపు సినిమా అయినా, రంగం అంటే ఇంట్లో ఒక మనిషి లేడని అర్థం.

మా ఇంట్లో కూడా అట్లనే. మా పెద్దనాయన పొదటూరుపేట పక్క మగ్గం నేసే మనిషి. యుద్ధంలో నూలు దొరకడం కష్టమై, మగ్గాలు ఆగిపోతే 1942లో పట్టాలంలో చేరినాడు. అప్పటికి జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేసి (1941 డిసెంబరు 23న మొదలుపెట్టినారు), ఊరు పట్టుకుని, విశాఖపట్నం, కాకినాడ మీద కూడా బాంబులు వేసినారు. బర్మా నుంచి లక్షల మంది మన జనం అడవుల్లో నడుచుకుంటా వెనక్కి వస్తున్నారు. వాళ్ళకు ఎదురుగా ఈయన పోయినాడు. పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కాకీ గుడ్డ సైన్యానికి పోయే కాలం అది. గుడ్డ నేసేవాడు మనోడే, తొడుక్కుని పోయేవాడూ మనోడే. ఇప్పుడు ఆ మిల్లులు లేవు గానీ మన జిల్లాలోనే ఆవడిలో 1961 నుంచి సైన్యానికి యూనిఫాం కుట్టే ఫ్యాక్టరీ ఉంది. మనవాళ్ళ చేతి పని ఇప్పటికీ సిపాయి ఒంటి మీదనే ఉంది.

పెద్దనాయన 1946లో తిరిగొచ్చినాడు. మళ్ళీ మగ్గం గుంటలో దిగినాడు. యుద్ధం గురించి ఒక్క మాట చెప్పేవాడు కాదు. కానీ నాడె విసిరేటప్పుడు ఒక పాట కూనిరాగం తీసేవాడు. అది తెలుగు కాదు, తమిళం కాదు. బర్మా పాట. పక్కనే కూర్చుని కండెలు చుట్టే పెద్దమ్మ అది రోజూ వినేది. ఇరవై ఏళ్ళు విన్నది, ముప్పై ఏళ్ళు విన్నది. అడగలేదు, ఆయన చెప్పలేదు. అంతా తెలిసినట్టే ఉండేది ఇంట్లో. ఆ కాలంలో రెండో పెళ్ళి నేరం కూడా కాదు. మదరాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్ళి కూడదని చట్టం వచ్చింది 1949లో. తెచ్చుకోవాలంటే తెచ్చుకునేవాడు. తెచ్చుకోలేదు. పాట ఒక్కటే తెచ్చుకున్నాడు.

పండగ పూట ఆడవాళ్ళందరూ చేరి గంగా గౌరీ సంవాదం పాడేవాళ్ళు. రెండు జట్లుగా కూర్చుని, ఒక జట్టు గౌరి, ఒక జట్టు గంగ. మా పెద్దమ్మ ఎప్పుడు పాడినా గంగ పక్కనే కూర్చునేది. నాకది వింత. ఆమె బతుకుకు ఆమె గౌరి కదా, పెళ్ళాడి వచ్చింది కదా. మిల్లులో చేరిన కొత్తల్లో ఒకసారి లీవులో పోయి అడిగినాను, "ఏం పెద్దమ్మా, నువ్వెందుకు ఎప్పుడూ గంగ తరఫున పాడతావు" అని.

ఆమె కండె ఆపలేదు. "గౌరి మాట చెప్పేదానికి ఊరంతా ఉండారు కదే. ఆ పిల్లకు ఎవరుండారు? యుద్ధంలో అమ్మా నాయనా మిగిలినారో లేదో" అన్నది. కొంచేపటికి మళ్ళీ ఆమే, "కోపం లేదని కాదు. ఉండాది. ఆ కోపం ఈయన మీద. ఆ పిల్ల మీద ఎందుకు?" అన్నది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళైంది. ఆ బర్మా పాట మాకెవరికీ రాదు. ఆ పిల్ల పేరు ఎవరికీ తెలియదు.

ఇదంతా పాతకాలం ముచ్చట అనుకోవద్దు. ఈ మధ్య మన సెటిల్‌మెంట్లోనే ఒక తల్లి నా దగ్గరికొచ్చి ఏడ్చింది. పేరు రాయను. కొడుకు సింగపూరులో పనిచేస్తా ఉండాడు. అక్కడ పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయిని చేసుకుంటానంటున్నాడు. "కులం కాదు, దేశం కాదు, ఆ పిల్ల పేరు కూడా నాకు పలకను రాదక్కా. నలుగురికి ఏమని చెప్పేది" అంటుంది. నేను పెద్ద సలహాలు ఇచ్చే మనిషిని కాదు. ఒకటే చెప్పినాను. "ముందు ఆ పేరు పలకడం నేర్చుకో. ఫోన్లో ఆ పిల్లతోనే చెప్పించుకో. తరవాత వద్దంటావో సరేనంటావో నీ ఇష్టం. పేరు తెలిసిన మనిషితో కొట్లాడినా అదొక పద్ధతి" అని. నాలుగు రోజుల తరవాత కొళాయి దగ్గర కనపడి, నీళ్ళ బిందె దించి, ఆ పేరు తప్పు లేకుండా చెప్పింది. పెళ్ళికి ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఇప్పుడు "ఆ ఫిలిప్పీన్ది" అనడం మానేసింది.

ఇట్లాంటి ఇళ్ళు మనలో ఇంకా ఉంటాయి కాబట్టి నాలుగు పనికొచ్చే సంగతులు. మతం, దేశం వేరైనా మన దేశంలో పెళ్ళి రిజిస్టరు చేసుకోవడానికి 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టం ఉంది. నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. విదేశంలోనే చేసుకునేవాళ్ళకు 1969 నాటి ఫారిన్ మ్యారేజ్ చట్టం ఉంది, అక్కడి మన రాయబార కార్యాలయంలో అడగాలి. సైన్యంలో ఉండేవాళ్ళు విదేశీ అమ్మాయిని చేసుకోవాలంటే ముందుగా పైనుంచి అనుమతి తీసుకోవాలి. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇక్కడ భార్య ఉండగా అక్కడ ఇంకొకరిని చేసుకోవడం ఇప్పుడు నేరం. అట్లాంటి పనికి పాట కట్టి తియ్యగా పాడినా అది నేరమే.

మీలో కొందరు అడగొచ్చు. అంత తప్పు ఉన్న పాటలైతే ఎందుకమ్మా వినడం అని. నేను వింటాను. మీరూ వినండి. ఇరవై ఏళ్ళ మిల్లు కుర్రాడు, తుపాకీ మోసి అలిసినోడు, తెలియని ఊళ్ళో ఒకరు నవ్వుతూ పలకరిస్తే కరిగిపోవడం అబద్ధం కాదు. వాడి ఏడుపు నిజమే. దాన్ని కొట్టేయకూడదు. పాట వినేటప్పుడు రెండో పక్క ఒకరు కూర్చుని ఉండారని మాత్రం గుర్తుంటే చాలు. అందుకే జవాబు పాటలు పుట్టినాయి. అందుకే మన అవ్వలు రెండు జట్లుగా కూర్చుని పాడినారు. ఒక్క గొంతుతో పాడితే సగం పాటే.

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ పొద్దు మదరాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత జరిగింది గానీ మన ముసలోళ్ళ నోట్లో పాటలు జరగలేదు. తిరువళ్ళూరు, తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట పక్క ఇళ్ళల్లో రంగం పోయిన మనిషి మీద, పట్టాలానికి పోయిన మనిషి మీద పాడిన పాటలు ఇంకా కొన్ని బతికే ఉంటాయి. దంచేటప్పుడు పాడినవి కావచ్చు, కండెలు చుట్టేటప్పుడు పాడినవి కావచ్చు, బిడ్డను ఊపేటప్పుడు పాడినవి కావచ్చు. మీ అవ్వను కూర్చోబెట్టి పాడించండి. సెల్‌ఫోన్లో ఎక్కించుకోండి. రెండు ముక్కలే గుర్తున్నా సరే, కాగితం మీద రాసి మన పత్రికకు పంపండి. వచ్చినవాటిని వచ్చే నెల మూటలో పెడతాను.

రాసేటప్పుడు పాడిన మనిషి పేరు తప్పకుండా రాయండి. పాటలో ఉన్న పిల్ల పేరు ఎవరికైనా తెలిస్తే అది కూడా.